రోజువారీ ఫొటోలకు కలర్ ఫిల్మ్: కొనడం, తీయడం, కడిగించడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బీరువాలోంచి పాత రీలు కెమెరాను బయటికి తీసినవారు, ఫోన్‌లో లెక్కలేనన్ని ఫొటోలు తీసి విసిగిపోయి ఒకసారి 36 ఫొటోలకు కట్టుబడి చూద్దామనుకున్నవారు ఇప్పుడు మళ్లీ కనిపిస్తున్నారు. వారి సందేహాలు మాత్రం మారడం లేదు. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఇల్లు, వీధి, ప్రయాణం, పండుగ వంటి మామూలు సందర్భాలను 35 ఎంఎం కెమెరాతో తీసేవారిని దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## కొనే ముందు

కలర్ నెగెటివ్, స్లైడ్, సినిమా ఫిల్మ్ అని రకరకాలుగా అంటున్నారు. నాకు కావలసింది ఏది?

కలర్ నెగెటివ్, అంటే రంగులు తలకిందులుగా పడి, ప్రింటులోనో స్కాన్‌లోనో అసలు రంగులు వచ్చే ఫిల్మ్. దీన్ని సీ-41 అనే పద్ధతిలో కడుగుతారు. 1972లో వచ్చిన ఈ పద్ధతే ఇప్పుడు ప్రపంచమంతటా నడుస్తోంది కాబట్టి, కలర్ ఫిల్మ్ కడిగే ల్యాబ్ ఏదైనా దీన్ని తీసుకుంటుంది. వెలుతురు అంచనాలో కొంత తేడా వచ్చినా నెగెటివ్ తట్టుకుంటుంది. స్లైడ్ ఫిల్మ్, అంటే నేరుగా అసలు రంగులతోనే ఫొటో వచ్చే ఫిల్మ్, అలా కాదు. అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు కావడం లేదా సగం కావడం) తేడా వచ్చినా ఆకాశం తెల్లబోవడమో, నీడలు నల్లగా మూసుకుపోవడమో జరుగుతుంది. దాన్ని ఈ-6 పద్ధతిలో కడగాలి, కడిగేచోట్లు కూడా తక్కువ. సినిమా ఫిల్మ్‌కు ఈసీఎన్-2 అనే వేరే పద్ధతి ఉంది. ఈ మూడూ బయటికి ఒకే రకం డబ్బాలో కనిపిస్తాయి కాబట్టి, కొనేటప్పుడు డబ్బా మీద సీ-41 అని ఉందో లేదో చూసుకోవాలి.

మొదటి రీలుగా ఏది కొనమంటారు?

కోడాక్ గోల్డ్ 200, లేదా కలర్‌ప్లస్ 200. రెండింటిలో ఆ వారం ఏది తక్కువకు దొరికితే అది. మన ఎండకు 200 వేగం చక్కగా సరిపోతుంది. గోల్డ్ రంగులు కొంచెం పసుపు వైపు మొగ్గుతాయి కాబట్టి, సాయంత్రపు వెలుగులో ఇంటి గోడలకూ మనుషుల ముఖాలకూ వెచ్చదనం వస్తుంది. అదే వెచ్చదనం పసుపు బల్బు కింద మితిమీరుతుంది. ఎక్కువగా ఇంట్లోనో మబ్బు రోజుల్లోనో తీసేవారు అల్ట్రామ్యాక్స్ 400 తీసుకోవచ్చు. ఏది ఎంచుకున్నా వరుసగా కొన్ని రీళ్లు అదే వాడటం మంచిది. రీలు రీలుకూ రకం మారుస్తూ పోతే, ఫొటోలో కనిపించిన తేడా ఫిల్మ్ వల్ల వచ్చిందో, వెలుతురు వల్ల వచ్చిందో, స్కాన్ చేసినవారి చేతి వల్ల వచ్చిందో ఎప్పటికీ తేలదు.

200, 400, 800 అంకెల్లో తేడా ఏమిటి? పెద్ద అంకె ఉంటే మంచిదేనా?

ఆ అంకె ఐఎస్ఓ వేగం. పాతతరం ఫొటోగ్రాఫర్లు దీన్నే ఏఎస్ఏ అనేవారు. అంకె రెట్టింపైతే అదే ఫొటోకు సగం వెలుతురు చాలు. దానికి బదులుగా గ్రెయిన్, అంటే ఫొటోలో కనిపించే సన్నని గరుకుదనం పెరుగుతుంది, ధర కూడా పెరుగుతుంది. ఒక ఇబ్బంది గురించి మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. చాలా పాత కెమెరాల్లో షట్టర్ వేగం సెకనులో 500వ వంతు దగ్గరే ఆగిపోతుంది. అలాంటి కెమెరాలో 800 రీలు వేసి మధ్యాహ్నం బయటికి వెళితే, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 16కు (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) మూసినా వెలుతురు ఎక్కువే అవుతుంది. పగలు బయట తీసేవారికి 200, పగలూ ఇల్లూ కలిపి తీసేవారికి 400 తగినవి. 800ను రాత్రి వేడుకలకు మాత్రమే ఉంచుకోవాలి.

పోర్ట్రా 400కు అంత ధర పెట్టడం దండగ కాదా?

ఫిల్మ్‌గా అది నిజంగానే మేలైనది. గ్రెయిన్ చాలా సన్నగా ఉంటుంది, చర్మపు రంగు మృదువుగా వస్తుంది, రెండు మూడు స్టాపులు ఎక్కువ వెలుతురు పడినా ఓర్చుకుంటుంది. పెళ్లి, సీమంతం వంటి మళ్లీ రాని సందర్భాలకు ఆ ధర పెట్టవచ్చు. అయితే వీధిలో టీ కొట్టునూ, బస్టాండులో జనాన్నీ తీయడానికి దాన్ని వాడితే, 4×6 ప్రింటులోనో ఫోన్ తెర మీదో ఆ మేలు దాదాపు కనిపించదు. పోర్ట్రా రంగులు స్వతహాగా నెమ్మదైనవి. స్కాన్‌లో రంగు పెంచి దాన్ని గోల్డ్‌లా చేసుకోవాలనుకునేవారు నేరుగా గోల్డే కొనుక్కోవచ్చు. మిగిలిన డబ్బును మంచి ల్యాబుకు ఇస్తే ఫొటోలో ఎక్కువ తేడా కనిపిస్తుంది.

ఎక్టార్ 100తో తీస్తే మావాళ్ల ముఖాలు ఎర్రగా వస్తున్నాయి. తప్పు ఎక్కడుంది?

తప్పు మీది కాదు, ఆ ఫిల్మ్ స్వభావమే అంత. ఎక్టార్‌లో రంగుల సాంద్రత ఎక్కువ. చర్మంలోని ఎరుపును, ముఖ్యంగా ఎండలో తిరిగి కందిన ముఖాలను, అది ఉన్నదానికంటే పెంచి చూపిస్తుంది. వెలుతురు తక్కువ పడితే నీడలు నీలంగా మారతాయి కూడా. కొండలు, గుడి గోపురాలు, పడవలు, రంగులద్దిన లారీలు వంటివాటికి దాన్ని ఉంచుకుని, మనుషులకు గోల్డ్‌నో పోర్ట్రానో వాడటం మేలు.

ఫీనిక్స్ 200 అనే కొత్త ఫిల్మ్ చూశాను. రోజూ వాడవచ్చా?

ఇంగ్లండ్‌లోని హార్మన్ సంస్థ 2023 డిసెంబరులో తెచ్చిన ఫిల్మ్ అది. మామూలు నెగెటివ్‌లకు ఉండే నారింజ రంగు పూత దానికి లేదు. వెలుగు నీడల మధ్య తేడాను గట్టిగా చూపిస్తుంది, అందువల్ల పొరపాట్లను అంతగా భరించదు. సరదాకు బాగుంటుంది. కుటుంబపు ఫొటోలను మాత్రం దాని మీద పెట్టవద్దనే చెబుతాం. తర్వాత వచ్చిన ఫీనిక్స్ 2లో రంగులు కొంత కుదురుకున్నాయి.

సినిమా ఫిల్మ్‌ను చిన్న రీళ్లలోకి చుట్టి చవకగా అమ్ముతున్నారు. కొనవచ్చా?

కొనే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. మొదటిది, ఫిల్మ్ వెనక నల్లటి కార్బన్ పొర ఉందా అని. కోడాక్ విజన్3 వంటి సినిమా ఫిల్ములకు చాలాకాలం ఆ పొర ఉండేది. దాన్ని తొలగించకుండా మామూలు సీ-41 యంత్రంలో వేస్తే మసి రసాయనాల్లో కలిసి, వెనక వచ్చే ఇతరుల రీళ్లు కూడా పాడవుతాయి. అందుకే ల్యాబుకు చెప్పకుండా ఇవ్వడం అన్యాయం. రెండవది, అది పగటి వెలుతురుకు చేసినదా, బల్బు వెలుతురుకు చేసినదా అని. 250డి అంటే పగటికి, 500టి అంటే బల్బుకు. 500టితో మధ్యాహ్నం తీస్తే ఫొటో అంతా నీలి ఛాయలోకి పోతుంది. ఆ పొరను ముందే తీసేసి అమ్మే సినీస్టిల్ 800టిని సీ-41లో నిశ్చింతగా కడిగించవచ్చు. దీపాల చుట్టూ ఎర్రటి వలయాలు రావడం ఆ పొర లేకపోవడం వల్లే.

ఇంట్లో గడువు దాటిన రీలు దొరికింది. పనికొస్తుందా?

పదేళ్లకు ఒక స్టాప్ చొప్పున ఎక్కువ వెలుతురు ఇవ్వాలనే లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. చల్లని దేశాల్లో నేలమాళిగలో దాచిన రీళ్లకు అది కొంతవరకు పనిచేస్తుంది. మన అటకల మీద ఎన్నో వేసవులు ఉడికిన రీలుకు ఏ లెక్కా పనిచేయదు. రంగులు ఊదాగానో ఆకుపచ్చగానో జారిపోయి, గ్రెయిన్ పేరుకుపోయి వస్తుంది. ప్రయోగానికి వాడుకోండి, శుభకార్యానికి వద్దు. ఆ రీలులో ఎప్పుడో తీసిన ఫొటోలు ఉండవచ్చనిపిస్తే, ఇంకేమీ తీయకుండా అలాగే కడిగించడం మంచిది. అది కోడాక్ వారి పాత స్లైడ్ ఫిల్మ్ కోడాక్రోమ్ అయితే రంగుల్లో రాదు. దాన్ని కడిగిన చివరి ల్యాబ్ 2010 డిసెంబరు తర్వాత రీళ్లు తీసుకోవడం మానేసింది. ఇప్పుడు నలుపు తెలుపుల్లోకి మాత్రమే తేగలరు.

ఒక్కో ఫొటోకు ఎంత పడుతుంది?

ఇక్కడ అంకె రాస్తే నెల తిరగకముందే పాతబడుతుంది కాబట్టి లెక్క వేసే తీరు చెబుతాం. రీలు ధర, కడిగింపు, స్కాన్, రానూ పోనూ కొరియర్, ఈ నాలుగూ కలిపి 36తో భాగించాలి. రీలు ధర ఒక్కటే చూసి మొదలుపెట్టినవారు రెండో నెలలో ఆగిపోతారు. ఖర్చు తగ్గాలంటే రెండు మూడు రీళ్లు పోగుచేసి ఒకే పార్శిల్‌లో పంపవచ్చు. 2024లో వచ్చిన పెంటాక్స్ 17 వంటి హాఫ్ ఫ్రేమ్ కెమెరాతో అదే రీలులో 72 ఫొటోలు వస్తాయి. ఫ్రేము సగమే కాబట్టి పెద్ద ప్రింట్లలో గ్రెయిన్ ఎక్కువ కనిపిస్తుంది.

## కెమెరాలో ఎక్కించేటప్పుడు

నాన్నగారి పాత కెమెరా దొరికింది. రీలు వేసే ముందు ఏం చూసుకోవాలి?

వెనక మూత తెరిచి, ఖాళీ కెమెరాను కిటికీ వైపు పట్టుకుని, షట్టర్‌ను ఒక సెకను దగ్గర, 30వ వంతు దగ్గర నొక్కి చూడాలి. ఒక సెకనుకు తెరుచుకున్నది స్పష్టంగా ఒక సెకను నిలవాలి. లెన్స్ గుండా వెలుతురును చూస్తే సాలెగూడు లాంటి తెల్లని పోగులు కనిపించవచ్చు. అది బూజు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో ఇది మామూలే. కొద్దిగా ఉంటే ఫొటోలకు పెద్ద నష్టం లేదు, పొగమంచు కమ్మినట్టు దట్టంగా ఉంటే శుభ్రం చేయించాలి. మూత అంచుల్లోని నల్లటి ఫోమ్ వేలికి జిగురుగా అంటుకుంటే అది చెడిపోయినట్టే. అక్కడినుంచి వెలుతురు చొరబడి ఫొటోల మీద నారింజ చారలు పడతాయి. ఆ ఫోమ్ గీకేసి కొత్తది అతికించడం తక్కువ ఖర్చుతో అయ్యే పని.

బ్యాటరీ సంగతి విడిగా చూసుకోవాలి. కెనానెట్ క్యూఎల్17 వంటి కెమెరాలు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీకి తయారైనవి. అవి ఇప్పుడు లేవు. వాటి స్థానంలో 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే మీటర్ తప్పు చూపిస్తుంది. వినికిడి యంత్రాలకు వాడే 675 జింక్ బ్యాటరీ దాదాపు సరైన వోల్టేజీ ఇస్తుంది. పెంటాక్స్ కే1000లో బ్యాటరీ మీటర్ కోసమే. అది లేకున్నా షట్టర్ పనిచేస్తుంది. కెనాన్ ఏఈ-1లో బ్యాటరీ లేకపోతే షట్టరే కదలదు.

రీలు సరిగ్గా ఎక్కిందో లేదో ఎలా తెలుస్తుంది?

నీడలో నిలబడి, ఫిల్మ్ నాలుకను అవతలి స్పూల్‌లో దూర్చి, పళ్లచక్రం రెండు వైపులా రంధ్రాల్లో పడిందని కళ్లతో చూశాకే మూత వేయాలి. ఆ తర్వాత ఎడమవైపు రీవైండ్ నాబ్‌ను బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి ఫిల్మ్ వదులు పోగొట్టాలి. ఇప్పుడు లీవర్ లాగినప్పుడల్లా ఆ నాబ్ దానంతటదే తిరగాలి. తిరగకపోతే ఫిల్మ్ కదలడం లేదని అర్థం. కౌంటర్ 36 దాటి 40 చూపిస్తున్నా రీలు అయిపోలేదంటే, ఒక్క ఫొటో కూడా పడి ఉండకపోవచ్చు.

ఎండాకాలంలో రీళ్లు ఫ్రిజ్‌లో పెట్టాలా?

నెలలోపు వాడేస్తే ఇంట్లో చల్లని అరలో ఉంచితే చాలు. అంతకంటే ఎక్కువకాలం దాచేవాటిని మూత తీయని డబ్బాతో, గాలి చొరబడని సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. బయటికి తీశాక కనీసం గంటసేపు ఆగి డబ్బా తెరవాలి. లేకపోతే చల్లని ఫిల్మ్ మీద తేమ పడుతుంది. ఇంట్లోని వేడికంటే అసలు ప్రమాదం కారులో ఉంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం తలుపులు మూసిన కారులో కెమెరా వదిలేస్తే, ఫ్రిజ్‌లో దాచిన జాగ్రత్తంతా ఒక్క పూటలో వృథా అవుతుంది.

రీలు డబ్బా మీది నలుపు, వెండి గళ్లు దేనికి?

దాన్ని డీఎక్స్ కోడ్ అంటారు. 1983లో కోడాక్ తెచ్చింది. ఆటోమేటిక్ కెమెరాలు దాన్ని చదివి ఫిల్మ్ వేగాన్ని తెలుసుకుంటాయి. తిరిగి చుట్టి అమ్మే రీళ్లకు పాత డబ్బాలు వాడతారు కాబట్టి, లోపల 250 ఫిల్మ్ ఉండి బయట 400 కోడ్ ఉండవచ్చు. వేగాన్ని చేత్తో పెట్టుకునే కెమెరాలకు ఈ బెడద లేదు.

## ఫొటో తీసేటప్పుడు

నా కెమెరాలో లైట్ మీటర్ లేదు. అంచనా వేయడం ఎలా?

నీడ అంచులు స్పష్టంగా కనిపించే ఎండలో లెన్స్‌ను ఎఫ్ 16 దగ్గర, షట్టర్‌ను ఫిల్మ్ వేగానికి దగ్గరి అంకె వద్ద పెట్టడం పాత సూత్రం. 200 ఫిల్ముకు అది 250వ వంతు. నెగెటివ్‌కు కాస్త ఎక్కువ వెలుతురే మంచిది కాబట్టి మేం ఎఫ్ 11తో మొదలుపెట్టమంటాం. షట్టర్ మార్చకుండా, పలుచని మబ్బుకు ఎఫ్ 8, దట్టమైన మబ్బుకూ అరుగు మీద నీడకూ ఎఫ్ 4 లేదా 5.6 పెట్టుకోవచ్చు. ఫోన్‌లో ఉచితంగా దొరికే లైట్ మీటర్ యాప్‌లు పగటిపూట నమ్మదగినవే. వాటిని ఆకాశం వైపు కాకుండా మీరు తీయబోయే మనిషి మీదికి చూపించాలి.

ఒక స్టాప్ ఎక్కువ వెలుతురు ఇవ్వమని అందరూ అంటారు. ఎందుకు?

కలర్ నెగెటివ్‌లో నీడల వివరం పడాలంటే కనీసం కొంత వెలుతురు తగలాలి. అది తగలకపోతే ఆ భాగంలో వెండి కణాలు మేల్కొనవు. తర్వాత స్కానర్ ఎంత పైకి లాగినా బురదరంగు, గరుకుదనం తప్ప ఇంకేమీ రావు. వెలుతురు ఎక్కువైన భాగంలో మాత్రం నెగెటివ్ దట్టంగా అవుతుందే కానీ వివరం తొందరగా పోదు. కూరలో ఉప్పు విషయానికి ఇది సరిగ్గా తలకిందులు: ఇక్కడ ఎక్కువైతే సర్దుకోవచ్చు, తక్కువైతే సర్దలేం. కాబట్టి 200 రీలు వేసినప్పుడు మీటర్‌ను 100 దగ్గరో, 400కు 200 దగ్గరో పెట్టుకోవచ్చు. ల్యాబులో మాత్రం మామూలుగానే కడగమనాలి. స్లైడ్ ఫిల్ముకు ఈ సలహా వర్తించదు.

బీచ్‌లో ఉదయం తీసిన ఫొటోల్లో మనుషులు నల్లగా వచ్చారు. ఏం చేయాలి?

మనది తూర్పు తీరం. ఆర్కే బీచ్‌లోనైనా సూర్యలంకలోనైనా ఉదయపు సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు. సముద్రాన్ని వెనక పెట్టి మనిషిని నిలబెట్టగానే వెలుతురంతా వెనకనుంచి వస్తుంది, మీటర్ ఆ మెరుపును చూసి లెన్స్ మూసేయమంటుంది. మనిషి దగ్గరికి వెళ్లి ముఖం మీదనే వెలుతురు కొలిచి, ఆ అంకెలతో వెనక్కి వచ్చి తీయండి. అది వీలుకాకపోతే మీటర్ చెప్పినదానికి రెండు స్టాపులు ఎక్కువ ఇవ్వండి. ఆకాశం తెల్లబడుతుంది, ముఖం దక్కుతుంది. సాయంత్రం అదే చోట సూర్యుడు ఊరి వైపు ఉంటాడు కాబట్టి ఈ ఇబ్బందే రాదు.

పెళ్లిలో తెల్ల మధుపర్కాలు కట్టుకున్న వధూవరుల ముఖాలు చీకటిగా వచ్చాయి. కారణం?

మీటర్ తనకు కనిపించినదంతా సగటు బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది. ఫ్రేములో సగం తెల్లబట్టే ఉంటే, వెలుతురు ఎక్కువగా ఉందని పొరబడి తగ్గిస్తుంది. అందువల్ల తెల్లబట్ట బూడిదగా, చామనఛాయ ముఖం ఇంకా నల్లగా వస్తుంది. అలాంటప్పుడు ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు కలపాలి. అరచేతి మీద మీటర్ చూసుకునే అలవాటు ఇంకా సులువైనది. పెళ్లికూతురి ముఖం మీద పడే వెలుతురే మీ అరచేతి మీదా పడేలా పట్టుకుని కొలిచి, దానికి ఒక స్టాప్ కలిపితే సరిపోతుంది. అరచేయి రంగు మనుషుల మధ్య పెద్దగా మారదు.

ఇంట్లో రాత్రి ఫొటోలు ఆకుపచ్చగా వస్తున్నాయి. ఫిల్మ్ పాడైందా?

లేదు. ట్యూబ్‌లైట్ వెలుతురులో ఆకుపచ్చ పాలు ఎక్కువ. మన కన్ను సర్దుకుంటుంది కానీ ఫిల్మ్ సర్దుకోదు. నాసిరకం ఎల్ఈడీ బల్బులదీ ఇదే తీరు. పాత గుండు బల్బు కింద నారింజ రంగు వస్తుంది. వెలుతురు పుష్కలంగా ఇచ్చిన నెగెటివ్ అయితే స్కాన్‌లో ఈ ఛాయను చాలావరకు తీసేయవచ్చు. చాలని నెగెటివ్ అయితే నీడల్లో ఆకుపచ్చ ఉండిపోతుంది. ట్యూబ్‌లైట్, బల్బు, కిటికీ మూడూ కలిసిన గదిలో ఏ సవరణా కుదరదు కాబట్టి, ఒకటి తప్ప మిగతావి ఆర్పేయడం మేలు. ఫ్లాష్ వాడితే దాని వెలుతురు పగటిదానికి సరితూగుతుంది.

ఎండబెట్టిన మిరపకాయలను తీస్తే కల్లమంతా ఒకే ఎర్రటి ముద్దలా వచ్చింది. ఎలా తీయాలి?

గుంటూరు, ఖమ్మం వైపు ఫొటోలు తీసేవారందరికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. ముదురు ఎరుపులో ఆకుపచ్చ, నీలం పాళ్లు దాదాపు ఉండవు. అందువల్ల కాయకూ కాయకూ మధ్య తేడాను చూపించే భారమంతా ఎరుపును పట్టే పొర ఒక్కదాని మీదే పడుతుంది. నడినెత్తి ఎండలో కాయల నీడలు కూడా కిందికి దాక్కుంటాయి. పొద్దున ఎనిమిదిలోపో సాయంత్రమో, ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు తీస్తే ప్రతి కాయ పక్కనా సన్నని నీడ గీత వస్తుంది. రాశిని ఆ గీతలే విడదీసి చూపిస్తాయి. ఈ ఒక్క సందర్భంలో ఎక్కువ వెలుతురు ఇవ్వకండి, మీటర్ చెప్పినంతే ఇవ్వండి. ఎక్టార్ కంటే పోర్ట్రా నయం. ల్యాబులో రంగు పెంచకుండా చప్పగా స్కాన్ చేయమని అడగండి. చాలాసార్లు ఫిల్మ్‌లో ఉన్న వివరం స్కాన్‌లోనే పోతుంది.

200 రీలును 800లా తీసి, ల్యాబులో పుష్ చేయించవచ్చా?

చేయించవచ్చు, ఆశించినంత ఫలితం రాదు. పుష్ అంటే ఫిల్మ్‌ను మామూలుకంటే ఎక్కువసేపు కడగడం. దానివల్ల వెలుగు భాగాలు దట్టమవుతాయి కానీ, అసలు వెలుతురే తగలని నీడలకు ప్రాణం రాదు. 400 ఫిల్ములు ఒక స్టాప్ పుష్‌ను బాగానే ఓర్చుకుంటాయి. ఒకే రీలులో కొన్ని ఫొటోలకు మాత్రమే పుష్ సాధ్యం కాదు. చేస్తే రీలంతా చేయాలి.

పొరపాటున మధ్యలో మూత తెరిచాను. రీలంతా పోయినట్టేనా?

వెంటనే మూసి ఉంటే అంతా పోదు. స్పూల్ మీద పైన చుట్టుకుని ఉన్న చివరి కొన్ని ఫొటోలు పోతాయి. లోపలి చుట్లు తరచుగా బతికి ఉంటాయి, అంచుల్లో మాత్రం ఎర్రటి మంట కనిపించవచ్చు. రెండు మూడు ఫ్రేములు ఖాళీగా వదిలి మిగతావి తీసుకోండి.

## రీలు పూర్తయ్యాక

అమెరికా నుంచి తమ్ముడు రీళ్లు తెస్తున్నాడు. విమానాశ్రయంలో పాడవుతాయా?

లోడ్ చేసే పెద్ద సూట్‌కేసులో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. ఆ సామానును చూసే యంత్రాల తీవ్రత ఎక్కువ. చేతిసంచిలోనే తేవాలి. పాతరకం ఎక్స్-రే యంత్రం అయితే 200, 400 రీళ్లు ఒకటి రెండుసార్లు దాటినా ఫరవాలేదు. కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు వేరు. వాటిలో ఒక్కసారి వెళ్లినా ఏ వేగపు ఫిల్ముకైనా పొగచూరినట్టు మసక పడవచ్చు. రీళ్లన్నీ పెట్టెల్లోంచి తీసి పారదర్శక సంచిలో వేసి, చేత్తో చూడమని మర్యాదగా అడగమనండి. అమెరికాలో సాధారణంగా ఒప్పుకుంటారు. మన దగ్గర అది ఆ పూట అధికారి మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి తీసిన రీళ్లను ప్రయాణానికి ముందే అక్కడే కడిగించుకుని రావడం అన్నిటికంటే భద్రం.

తీసిన రీలును ఎన్నాళ్లలో కడిగించాలి?

నెల రెండు నెలల్లో కడిగిస్తే నిశ్చింత. తీయని ఫిల్మ్ కంటే తీసిన ఫిల్మ్ వేడికి త్వరగా చెడుతుంది.

మా ఊరి స్టూడియోలో ఇస్తే కడుగుతారా?

చాలా ఊళ్లలో ఇప్పుడు కడగడం లేదు. ఒకప్పుడు ప్రతి పట్టణంలోనూ కలర్ ల్యాబ్ ఉండేది. డిజిటల్ వచ్చాక యంత్రాలు మూలనపడ్డాయి. ఎవరైనా తీసుకుంటామంటే, వారే కడుగుతారా, పెద్ద ఊరికి పంపుతారా, వారానికి ఎన్ని రీళ్లు వస్తాయి అని అడగండి. సీ-41 డెవలపర్, అంటే ఫిల్మ్ మీది బొమ్మను బయటికి తెచ్చే రసాయనం, రోజూ వాడకంలో ఉంటేనే ఆరోగ్యంగా ఉంటుంది. రీళ్లు రాక నెలలు నిలిచిన రసాయనంలో కడిగితే నెగెటివ్ పలచగా, రంగులు ఒరిగిపోయి వస్తాయి. బెంగళూరు, చెన్నై, ముంబయి వంటి నగరాల్లో కొరియర్ ద్వారా రీళ్లు తీసుకుని, స్కాన్‌లను ఆన్‌లైన్‌లో పంపే ల్యాబులు ఉన్నాయి. దగ్గరున్న నిద్రాణమైన ల్యాబ్ కంటే దూరాన ఉన్న పనిలో ఉన్న ల్యాబే మంచిది.

ఇంట్లో కలర్ ఫిల్మ్ కడగవచ్చా?

కడగవచ్చు. డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు, ఆ తర్వాత బ్లీచ్, ఫిక్స్, కడుగు నీళ్లు, స్టెబిలైజర్. పని కష్టమైనది కాదు, ఉష్ణోగ్రత నిలపడమే కీలకం. చలిదేశాల వారు నీటిని వేడిచేయడానికి తంటాలు పడతారు. మన దగ్గర మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్లు ఇంచుమించు ఆ వేడిలోనే దిగుతాయి, కొన్నిసార్లు చల్లార్చుకోవాల్సి వస్తుంది. డెవలపర్ సీసాను పెద్ద బకెట్ నీళ్లలో ఉంచి థర్మామీటర్‌తో చూసుకుంటూ ఉండాలి. చేతి తొడుగులు వేసుకోండి, కిటికీలు తెరవండి, వంటపాత్రలు వాడకండి. నెలకు ఒక్క రీలు తీసేవారికి ఇది గిట్టుబాటు కాదు, కలిపిన రసాయనం అంతలో పాడవుతుంది.

రీలంతా ఖాళీగా వచ్చింది. తప్పు నాదా, ల్యాబుదా?

నెగెటివ్ అంచులు చూడండి. కంపెనీ పేరు, ఫ్రేము అంకెలు స్పష్టంగా ఉండి ఫొటోలు మాత్రమే లేకపోతే, కడగడం సరిగ్గానే జరిగింది. ఫిల్మ్ మీద వెలుతురు పడలేదు, అంటే రీలు ఎక్కలేదు లేదా షట్టర్ తెరుచుకోలేదు. ఆ అంకెలు కూడా లేకపోతే డెవలపర్‌లో లోపం ఉంది. రీలంతా నల్లగా ఉంటే కడగకముందే వెలుతురు తగిలింది.

స్కాన్ ఎంత పెద్దది చేయించాలి?

ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు అనుకుంటే, 4×6 ప్రింటుకు 1200×1800 చాలు. 12×18కి 3600×5400 కావాలి. రీలంతా మామూలు సైజులో చేయించుకుని, గోడకు పెట్టదలచిన ఒకటి రెండు ఫొటోలను మాత్రం తర్వాత పెద్దగా చేయించుకోవడం పొదుపు.

స్కాన్ రంగులు నేను చూసినట్టు లేవు. ఏది నిజమైన రంగు?

నెగెటివ్‌లో ఖరారైన రంగు అంటూ లేదు. నారింజ పూతను తీసేసి, తలకిందులు చేసి, రంగులు సరిదిద్దే దశలో స్కానర్ ముందు కూర్చున్నవారు నిర్ణయాలు తీసుకుంటారు. ఒకే రీలును రెండు ల్యాబుల్లో స్కాన్ చేయిస్తే రెండు ఫిల్ముల్లా కనిపించవచ్చు. కాబట్టి మీకు నచ్చిన రంగులున్న పాత ఫొటో ఒకటి జతచేసి, ఇలా కావాలని రాసి పంపండి. మ్యాక్రో లెన్స్ ఉన్న డిజిటల్ కెమెరా, నాణ్యమైన లైట్ ప్యానెల్ ఉంటే ఇంట్లోనే నెగెటివ్‌ను ఫొటో తీసి మార్చుకోవచ్చు. ఫోన్ తెర మీద నెగెటివ్ పెట్టి తీస్తే తెర చుక్కలు కూడా పడతాయి. మధ్యలో పల్చని పాలరంగు ప్లాస్టిక్ ఉంచి కొంత ఎత్తులో పట్టుకోవాలి.

స్కాన్‌లు వచ్చేశాయి కదా, నెగెటివ్‌లు వెనక్కి తెప్పించుకోవాలా?

తప్పకుండా. కొన్ని ల్యాబులు అడగకపోతే కొంతకాలానికి పారేస్తాయి. నెగెటివ్ ఉంటే ఎప్పుడైనా ఇంకా మంచి స్కాన్ చేయించుకోవచ్చు. స్కాన్ ఒక్కటే ఉంటే అక్కడితో ఆగిపోతుంది. ఆరేసి ఫ్రేముల చొప్పున కత్తిరించి, పీవీసీ కాని పాలీప్రొపిలీన్ తొడుగుల్లో పెడితే 36 ఫొటోల రీలు ఒకే షీటులో సరిపోతుంది. షీటు మీద నెల, సంవత్సరం, ఊరు, ఫిల్మ్ పేరు రాయండి. అటక మీద కాకుండా మనుషులు తిరిగే గదిలో, లోపలి గోడవైపు ఉన్న బీరువాలో పెట్టండి. సిలికా జెల్ పొట్లాలను వానాకాలం మొదట్లోనూ చివర్లోనూ మార్చండి. వేలిముద్రలు పడితే ఉమ్మితోనో తడిగుడ్డతోనో తుడవకూడదు. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో నిగనిగలాడే వైపు మాత్రమే మెల్లగా తుడవాలి, రెండో వైపును ముట్టుకోకూడదు.